చేపకు ఐసా, ఫార్మాలినా?

భీమవరం మార్కెట్లో ఐసులో ఉన్న బొచ్చె చేప మొప్ప ఎత్తి చూడండి: ఎర్రగా, తడిగా ఉంటే తాజాది. ఐసు కుళ్లును నెమ్మదింపజేస్తుంది, కరిగితే నీళ్లే.

చేప కుళ్లకుండా కొందరు వాడే ఫార్మాలిన్ అలా కాదు, అది ఫార్మాల్డిహైడ్ అనే వాయువును నీళ్లలో కరిగించిన ద్రావణం. అలా కరిగితే, ఆ వాయువులోని ఒక్కో అణువు ఒక నీటి అణువును కలుపుకుని మీథేన్‌డయాల్ అవుతుంది, అంటే ఒకే కార్బన్‌కి రెండు ఓహెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్) జతలు. పలచని ద్రావణంలో 99 శాతానికి పైగా ఇదే రూపం. అయితే ప్రమాదం తగ్గినట్టేనా? లేదు. మిగిలిన కాస్త ఫార్మాల్డిహైడ్ చేప ప్రోటీన్లకు అతుక్కుంటుంది. అది ఖర్చయ్యేకొద్దీ డయాల్ విడిపోయి మళ్లీ అందిస్తూనే ఉంటుంది. అతుక్కున్నది కడిగినా పూర్తిగా వదలదు, కండ బిరుసెక్కుతుంది. పైగా ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో కేన్సర్ కారకమని 2004లోనే తేల్చారు. నా ఓటు ఐసుకే, చేప రెండు రోజులే నిలిచినా సరే.