రెండేళ్లు డయల్ కాలిపర్ వాడాక నా రివ్యూ, లేత్ పని చేసేవాళ్ల కోసం

మాది బాలానగర్‌లో చిన్న షెడ్డు. రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్, ఒక డ్రిల్లింగ్ మిషన్, జాబ్ వర్క్ చేస్తాం. పదిహేనేళ్లు మామూలు వెర్నియర్‌తోనే (గీతలు కలిసిన చోటు చూసి సైజు చదివే కాలిపర్) లాగించా, కానీ చత్వారం మొదలయ్యాక ఏ గీత ఏ గీతతో కలిసిందో తెలిసేది కాదు, జాబ్ (మిషన్ మీద చేస్తున్న ముక్క) మీద పెట్టి స్క్రూ టైట్ చేసి, వెర్నియర్‌ని ట్యూబ్‌లైట్ కిందికి పట్టుకెళ్లి చూసి మళ్లీ మిషన్ దగ్గరికి వచ్చేవాణ్ణి. డిజిటల్ కూడా ఒకటి కొన్నా. కూలెంట్ చుక్క పడితే అంకెలు గంతులేసేవి, బ్యాటరీ సరిగ్గా అర్జెంట్ జాబ్ ఉన్న రోజే అయిపోయేది.

అందుకే రెండేళ్ల క్రితం రాణిగంజ్ వెళ్లి మిటుటొయో కంపెనీ డయల్ కాలిపర్, 505-730 మోడల్ తీసుకున్నా, గడియారంలా ముల్లు తిరిగి సైజు చూపిస్తుంది. 150 మి.మీ. రేంజ్, డయల్ మీద ఒక్కో గీత 0.02, ముల్లు ఒక రౌండ్ తిరిగితే 2 మి.మీ. వెర్నియర్ రేటుకి రెండింతల పైనే అయింది, కానీ ఆ డబ్బు గురించి ఇప్పటిదాకా ఒక్క రోజు కూడా బాధపడలేదు.

నాకు దీంట్లో బాగా నచ్చింది ముల్లు కదలిక. బోర్ కొలిచేటప్పుడు పై జాస్ (పైనున్న చిన్న దవడలు) లోపల పెట్టి కొంచెం అటూ ఇటూ ఊపితే ముల్లు ముందుకి వెళ్లి ఒకచోట ఆగి మళ్లీ వెనక్కి వస్తుంది, ఎక్కడిదాకా వెళ్లిందో అదే మీ డయామీటర్. స్లాట్ వెడల్పుకి దీనికి రివర్స్, అన్నిటికంటే తక్కువ చూపించిందే తీసుకోవాలి. ఈ చిన్న కదలిక వెర్నియర్‌లో కనపడదు, డిజిటల్‌లో అంకెలు మారుతుంటే కంటికి అందదు, ముల్లు అయితే చూస్తుండగానే చెప్పేస్తుంది. కాకపోతే 5 మి.మీ. లోపు చిన్న హోల్స్‌కి దీన్ని నమ్మకండి, జాస్ అంచు కొంచెం చదునుగా ఉంటుంది కాబట్టి ఉన్నదానికంటే తక్కువే చూపిస్తుంది.

ఇక రీడింగ్ విషయం, కొత్తగా కొన్నవాళ్లు ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. మా దగ్గరికి ఐటీఐ అయిపోయిన కుర్రాడు కొత్తగా వచ్చాడు, మంచి పనిమంతుడు. 25.20 షాఫ్ట్ తిప్పుతున్నాడు, "అన్నా ఇంకా 26.18 ఉంది, ఒక కట్ వేస్తున్నా" అన్నాడు, నేను వేరే మిషన్ మీద ఉండి సరే అన్నా. తీరా చూస్తే షాఫ్ట్ 24.20 అయిపోయింది, ఈఎన్8 స్టీల్ ముక్క స్క్రాప్‌లోకి పోయింది. ఏం జరిగిందంటే మెయిన్ స్కేల్ మీద 25 గీత దాటింది, ముల్లు 1.18 దగ్గర ఉంది, వాడు రెండూ కలిపేశాడు. ముల్లు ఒక రౌండ్‌కి 2 మి.మీ. కదా, అంటే 24 నుంచి 26 దాకా మొత్తం ఆ ముల్లే చూసుకుంటుంది. కాబట్టి మెయిన్ స్కేల్ మీద దాటిన సరి సంఖ్యనే తీసుకోవాలి, 24 తీసుకుని 1.18 కలిపితే 25.18, జాబ్ అప్పటికే సైజులో ఉంది. వాడి మీద కోప్పడలేదు, ముందే కూర్చోబెట్టి చెప్పాల్సింది నేనే. రౌండ్‌కి 1 మి.మీ. తిరిగే 0.01 డయల్ కూడా ఉంది, దాంట్లో ఈ సరి బేసి గొడవ లేదు, కొత్త కుర్రాళ్లు ఎక్కువ ఉన్న షెడ్డు అయితే అదే తీసుకోండి.

జాస్ చివర్లతో కొలవకండి, స్కేల్‌కి ఎంత దగ్గరగా జాబ్ పెడితే అంత కరెక్ట్ వస్తుంది. బొటనవేలి రోలర్‌ని గట్టిగా నొక్కితే జాస్ సన్నగా వంగి తక్కువ చూపిస్తుంది, తగిలింది అనిపించగానే ఆగాలి. ఇంకోటి, వేడి జాబ్. 50 మి.మీ. అల్యూమినియం ముక్క 30 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నప్పుడు కొలిస్తే 0.03 పైనే ఎక్కువ వస్తుంది, చల్లారాక సైజు తక్కువైందని తల పట్టుకుంటాం. ఎండాకాలం షెడ్డులో 40 డిగ్రీలు ఉన్నా స్టీల్ జాబూ కాలిపరూ రెండూ అదే వేడిలో ఉంటే భయం లేదు.

బేరింగ్ సీటుకి మాత్రం ఇది చాలదు. 6205 బేరింగ్ (లోపలి బోర్ 25 మి.మీ.) షాఫ్ట్‌కి కె6 ఫిట్ (బేరింగ్ బిగుతుగా కూర్చోడానికి ఇచ్చే సైజు హద్దు) అంటే 25.002 నుంచి 25.015 మధ్య ఉండాలి, డయల్ మీద ఒక్క గీతే 0.02, ఇంక అది ఏం చెప్తుంది? రఫింగ్ అంతా కాలిపర్‌తో చేసుకుని చివర్లో 25-50 మి.మీ. రేంజ్ మైక్రోమీటర్ (ఇంకా సన్నగా కొలిచే స్క్రూ పనిముట్టు) తీయాల్సిందే.

మెయింటెనెన్స్ దగ్గర ఒక మాట. డయల్ కాలిపర్ ఏ కంపెనీదైనా సన్నని పళ్ల పట్టీ మీద చిన్న చక్రం తిరుగుతుంది, ఆ పళ్లలో ఇనప రజను ఇరుక్కుంటే ముల్లు ఒక పన్ను ఎగురుతుంది, అక్కణ్ణుంచి సున్నా తప్పుతుంది. ఇంతకు ముందు నా దగ్గర ఉన్న చవక డయల్ పీసు ఇలాగే పోయింది. గ్రైండింగ్ దగ్గర దీన్ని పెట్టకండి, ఎయిర్ గన్ కొట్టకండి, గాలికి రజను ఇంకా లోపలికి పోతుంది. నేను మెత్తని బ్రష్‌తో తుడిచి, పొద్దున్నే జాస్ మూసి సున్నా చూస్తా. ఒకటి రెండు గీతలు జరిగితే డయల్ చుట్టూ ఉన్న రింగ్ స్క్రూ వదులు చేసి తిప్పి సరిచేసుకోవచ్చు, కానీ రోజూ జరుగుతుంటే తిప్పడం ఆపి రిపేర్‌కి ఇవ్వండి.

కొనేటప్పుడు డబ్బా చూసి మోసపోకండి, ఈ బ్రాండ్‌కి నకిలీలు చాలా ఉన్నాయి. బిల్లు అడగండి, షాపులోనే పదిసార్లు తెరిచి మూసి ముల్లు ప్రతిసారీ సున్నా మీదికే వస్తుందో లేదో చూడండి, మొదటి నుంచి చివరిదాకా ఒకే నునుపుగా జరగాలి, మధ్యలో ఎక్కడా పట్టకూడదు. తర్వాత జాస్ మూసి వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. మధ్యలో సన్నగా వెలుగు కనపడిందంటే ఎంత తగ్గించి ఇస్తానన్నా తీసుకోవద్దు.