పాలమూరులో సర్కారు ఖర్చుతో డప్పు క్లాసు: చేరవచ్చా?

మహబూబ్‌నగర్‌లో యువత కోసం సర్కారు పైసలతో శని, ఆదివారాలు నడిచే డప్పు శిక్షణ ఇది. ఫీజు లేదు. డప్పు, సిర్ర (కుడిచేతితో కొట్టే లావు కర్ర), సిటికెన పుల్ల (ఎడమచేతి సన్న పుల్ల), గజ్జెలు అక్కడే ఇస్తారు. ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు చాలు. చదువు ఎంతని అడగరు.

నేర్పే తీరుకు వంక పెట్టలేం. మొదట డప్పు చేతికివ్వరు, చప్పట్లతో అడుగు లెక్క పట్టిస్తారు. విసుగొస్తుంది గానీ పద్ధతి అదే: ముందు చెయ్యి అలవాటైతే తర్వాత కాలు దానితో కలవదు. ఆ తర్వాత కుడిచేతి సిర్రతో చాటింపు దరువు, అది కుదిరాకే ఎడమచేతి పుల్ల. మణికట్టు వదులుగా ఉంచకుండా భుజంతో బాదేవాళ్లకు కాసేపటికే చెయ్యి పడిపోతుంది.

అసలు లోపం మంట దగ్గర కనిపిస్తుంది. ముసురు పడితే తోలు మెత్తబడి డప్పు బొదబొదమంటుంది. ఎండుగడ్డో అట్టముక్కలో అంటించి, సెగ తగిలేంత ఎత్తులో పట్టి, చట్రాన్ని తిప్పుతూ కాయాలి. ఒక్కచోట ఆపితే తోలు ముడుచుకుని చట్రం అంచున చిరుగుతుంది. వేలితో కొట్టి చూస్తే ఖంగుమనాలి, అప్పుడు తీసేయాలి. ఈ పనంతా ఎప్పుడూ అదే ముగ్గురు నలుగురి మీద పడుతోంది. వాళ్లు మాదిగ ఇండ్ల పిల్లలు, ఇంట్లో చూసి నేర్చినవాళ్లు. మిగతావాళ్లు కాగిన డప్పు అందుకుని వరుసలో నిలబడతారు. అన్ని కులాల పిల్లలూ ఒక్కటేనని ఫ్లెక్సీ కట్టిన చోట కాచే పని పాత లెక్కలోనే నడుస్తోంది! ఎవరూ కావాలని చేసింది కాదు, వంతులు వేయక వచ్చిన తిప్పలు. హాజరు పట్టీలోనే కాచే వంతు రాస్తే తీరిపోతుంది. ఫైబర్ డప్పులు తెస్తే కాచే పనే ఉండదని కొందరి సలహా. అప్పుడు నేర్చుకోవాల్సిన దాంట్లో సగం పోతుంది.

టైము కూడా మార్చాలి. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఊళ్ల నుంచి అమ్మాయిలు బాగానే వస్తున్నారు. కానీ క్లాసు పొద్దుగూకే దాకా సాగుతుంది. దరువుకు అడుగు కలిపే పాఠం సరిగ్గా చివర్లో పెడతారు, అప్పటికి వాళ్లు ఆఖరి బస్సుకు లేచిపోతారు. పొద్దున పెడితే ఏం పోతుంది?

కిన్నెర, బుర్రవీణ లాంటి తీగ వాద్యాలు ఇక్కడ నేర్పరు. 2022లో కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు, 2024లో బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు పద్మశ్రీ వచ్చింది ఈ నేల వాద్యాలతోనే కాబట్టి ఆశపడి అడిగేవాళ్లుంటారు. పన్నెండు మెట్ల కిన్నెరను గుంపుకు సరిపడా చేయించడం తేలిక కాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ మీద ఎక్కువ ఆశ వద్దు. 18 నుంచి 25 ఏండ్ల కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ స్కాలర్‌షిప్ నెలకు 5,000 రూపాయలు, రెండేండ్లు. దానికి గురువు దగ్గర కనీసం 5 ఏండ్లు నేర్చి ఉండాలి. ఈ క్లాసు దానికి చాలదు.

ఇంకోటి, డప్పు ఇంటికివ్వరు. ఊరి నుంచి నలుగురు కలిసి చేరి తలా కొంత వేసుకుని ఒకటి కొనుక్కుంటే సాధన సాగుతుంది. ఒక్కరే వచ్చేవాళ్లకు వారం వారం మొదటి దరువే మళ్లీ చెప్పించుకోవాల్సి వస్తోంది.