కిచెన్ కబోర్డ్‌లకి రంగేయించి నాలుగేళ్లయింది, ఇప్పుడెలా ఉన్నాయంటే

మొత్తం పీకించి కొత్తవి పెట్టిద్దామా, ఉన్నవాటికే పెయింట్ వేయిద్దామా అని ఆర్నెల్లు ఊగిసలాడి చివరికి పెయింట్‌కే దిగాం. కొత్తగా వేయించిన వారానికే రాసే రివ్యూలు నాకు నమ్మకం ఉండదు, ఆ వారం ఏదైనా మెరుస్తుంది, అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నా.

మావి ప్లైవుడ్ పెట్టెలు, తలుపులు కొన్ని చెక్కవి, కొన్ని ఎండీఎఫ్‌వి, అంటే చెక్క పీచు నొక్కి చేసిన పలకవి. సొరుగులు సాఫీగా జరుగుతున్నాయి, స్క్రూలు గట్టిగా పట్టున్నాయి, చూడ్డానికే ముదురు గోధుమ రంగులో దిగులుగా ఉండేవి. అలా ఉంటేనే ఈ పని పెట్టుకోండి. చెక్క ఉబ్బి స్క్రూ నిలవని చోట ఎంత మంచి పెయింటైనా దండగే.

పని ఆరు రోజులు పట్టింది, అందులో రంగు కొట్టింది ఒకటిన్నర రోజు, మిగతాదంతా తలుపులూడదీసి ఏది ఎక్కడిదో హింజ్ కూర్చునే గుంటలో నంబర్ రాసుకోవడం, జిడ్డు కడగడం, 220 నంబర్ సాండ్‌పేపర్‌తో పాత మెరుపు పోయేదాకా రుద్దడం, పాత హ్యాండిల్ కంతలు పుట్టీతో పూడ్చడం, ప్రైమర్, మళ్లీ రుద్దుడు. రెండో రోజు సాయంత్రానికి కూడా రంగు డబ్బా మూత తియ్యకపోయేసరికి ఒళ్లు మండి, పెయింటర్లు కావాలనే రోజులు సాగదీస్తున్నారని మా ఆవిడ దగ్గర గొణిగాను. నా గొణుగుడు తప్పని పొయ్యి పక్క తలుపు చెప్తోంది. చేత్తో ముడితే తెలీదు గానీ దాని మీద ఏళ్లనాటి జిడ్డు, గుడ్డ పెడితే పచ్చగా అంటుకొచ్చింది, ఆ జిడ్డు మీదే పెయింట్ కొట్టుంటే పొరలు పొరలుగా లేచొచ్చేది. ఇప్పుడు అన్నిట్లోకీ బాగున్నది ఆ తలుపే.

చెక్కలో ముడులున్న చోట తెల్ల రంగులోంచి గోధుమ మరకలు తేలతాయి, అలా కాకుండా లక్కతో చేసే షెల్లాక్ ప్రైమర్ వేశారు. ఒక్క ముడి వాళ్ల కన్నుగప్పింది, రెండో ఏడు లేత మచ్చ బయటపడింది. పైన రంగు, దాన్ని గట్టిపరిచే హార్డనర్ రెండూ కలిపి స్ప్రే చేసే పీయూ (పాలీయురేథేన్) పెయింట్ కొట్టారు, బ్రష్ గీతలు ఒక్కటీ లేవు. మర్నాటికి చేతికి అంటుకోదు గానీ లోపల గట్టిపడ్డానికి వారమైనా పడుతుంది, జాగ్రత్త అని చెప్పే వెళ్లారు. మూడో రోజే నేను తడిగుడ్డ తలుపు మీద ఆరేశా. ఆ ముద్ర ఇప్పటికీ ఉంది, ఆ తప్పు నాదే.

చెక్క తలుపుల మూలల్లో, ముక్కలు కలిసే చోట ఎండాకాలం వెంట్రుకంత గీతలొస్తాయి, వానలకి దాదాపు కనబడకుండా పోతాయి. అది చెక్క స్వభావం, పెయింట్ తప్పు కాదు, ఎండీఎఫ్ తలుపులకి ఈ గోల లేదు. దానికి వేరే గోలుంది, సింక్ కింద తలుపు అడుగు అంచుకి ప్రైమర్ సరిగా పట్టించలేదు, నీళ్లు పీల్చి ఉబ్బి రంగు చీలింది. కనబడని అంచులు పెయింటర్ ఎలా వదిలేశాడో తలుపులు బిగించకముందే తిరగేసి చూసుకోవాల్సింది, నేను ముందువైపు చూసి మురిసిపోయా.

చెత్తబుట్ట ఉన్న తలుపుకి హ్యాండిల్ దగ్గర గోళ్లు తగిలి చిన్న పెచ్చు లేచింది, టచప్ చేద్దామని వాళ్లిచ్చిన మిగులు డబ్బాలు దించా. రంగు బాగానే ఉంది, హార్డనర్ మాత్రం ఒకసారి తెరిచింది కదా, తేమకి జెల్లీలా గడ్డకట్టింది. అదొక్కటి కొత్తది తెచ్చుకోవాలి, సింక్ కింద తలుపుకి మాత్రం రిపేర్ ఏం లేదు, కొత్తది చేయించడమే.