కొత్త ప్లగ్ వైర్ల సెట్టు కొనేవారికి హెచ్చరిక: బిగించే ముందే మీటరుతో కొలుచుకోండి

స్పార్క్ ప్లగ్ వైర్లు పాతబడ్డాయని ఆన్‌లైన్‌లో కొత్త సెట్టు తెప్పించుకోదలచినవారు దయచేసి ఇది చదివిన తరువాతే డబ్బు కట్టండి. పేరున్న కంపెనీ పెట్టెను అచ్చుగుద్దినట్టున్న పెట్టెలో నాకు అందిన నాలుగు వైర్లలో రెండు పనికిరానివి. అప్పటిదాకా నిలకడగా నడిచిన ఇంజిన్, వాటిని బిగించి స్టార్ట్ చేసిన వెంటనే వణకడం మొదలుపెట్టింది. కొత్త సామానును ఎవరూ అనుమానించరు కాబట్టి కాయిల్ (ప్లగ్‌లకు వేల వోల్టులు తయారుచేసి పంపేది), ఇంజెక్టర్లు (పెట్రోలు చిమ్మేవి), థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసేది) అంటూ ఒక్కొక్కదాని మీదా డబ్బు పోసే ప్రమాదం ఉంది. వైర్లకు పెట్టిన ఖర్చు కన్నా ఆ వెతుకులాటలో పోయేదే ఎక్కువ.

పాత వైర్ల చివర ప్లగ్ మీద కూర్చునే రబ్బరు తొడుగులు గట్టిపడి పగుళ్లిచ్చాయి కాబట్టి ముందు జాగ్రత్తగా మార్చానే తప్ప ఇంజిన్‌లో ఏ లోపమూ కనిపించి కాదు. కొత్తవి పడ్డాక ఐడ్లింగ్‌లో స్టీరింగ్ చేతికి తెలిసేలా అదిరింది, పికప్ పడిపోయింది, సైలెన్సర్ దగ్గర కాలని పెట్రోలు వాసన వచ్చింది. ఎత్తు ఎక్కేటప్పుడు గానీ, పై గేరులో యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినప్పుడు గానీ కుదుపులు మరీ ఎక్కువయ్యాయి. దీనికి కారణం ఉంది: ఇంజిన్ మీద భారం పడినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో ప్లగ్ గ్యాప్‌ను నిప్పురవ్వ దాటాలంటే వోల్టేజీ ఎక్కువ కావాలి, వేల వోల్టులను మోసే వైరులో ఎక్కడ బలహీనత ఉన్నా సరిగ్గా అప్పుడే బయటపడుతుంది. అందుకే నిలబెట్టిన బండిలో వణుకు కాస్త తగ్గినట్టు అనిపించినా అంతా సర్దుకుందని అనుకోకూడదు.

ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను చదివే స్కానర్ పెడితే పీ 0302, పీ 0303 అనే రెండు కోడ్‌లు వచ్చాయి. అంటే రెండవ, మూడవ సిలిండర్లలో మిస్‌ఫైర్ (పెట్రోలు సరిగా అంటుకోకపోవడం) అని అర్థం. చూసిన మెకానిక్ వెంటనే కాయిల్ పోయిందని తేల్చేశాడు. అతణ్ణి తప్పుపట్టలేను, ఎందుకంటే ఆ రెండు సిలిండర్లకూ కరెంటు ఇచ్చేది ఒకే కాయిల్. అయితే ఈ రకం ఇంజిన్లలో ఒక కాయిల్ రెండు చివరలూ రెండు ప్లగ్‌లకు వెళ్తాయి, కరెంటు ఒక ప్లగ్ గుండా పోయి ఇంజిన్ లోహం మీదుగా రెండవ ప్లగ్ గుండా తిరిగి వస్తుంది. ఆ దారిలో ఒక్క వైరు తెగినా జంటలోని రెండు ప్లగ్‌లూ దెబ్బతినవచ్చు. కాబట్టి 1, 4 కలిసి గానీ, 2, 3 కలిసి గానీ కోడ్‌లు వచ్చినప్పుడు కాయిల్ కొనేలోగా వైర్లను కొలిచి చూడటం న్యాయం.

బిగింపులో పొరపాటు లేదని నిర్ధారించుకోకుండా సామానును నిందించడం కూడా సరికాదు. చాలా నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో మంటపెట్టే వరుస 1-3-4-2. డిస్ట్రిబ్యూటర్ (ఒకే కాయిల్ కరెంటును వరుసగా ఒక్కో ప్లగ్‌కు పంచేది) ఉన్న బండిలో ఏ రెండు వైర్లు తారుమారైనా ఇంజిన్ సరిగా నడవదు. పైన చెప్పిన జంట కాయిల్ రకంలో ఒకే జంటలోని రెండింటినీ మార్చి తగిలించినా తేడా రాదు, ఒక జంటది ఇంకో జంటకు తగిలిస్తేనే గొడవ. వరుస సరిగానే ఉంది. ప్లగ్ పింగాణీ పగల్లేదు, పని చేసేటప్పుడు ఊడిపోయిన వాక్యూమ్ గొట్టమూ ఏదీ లేదు. తొడుగులను మళ్లీ గట్టిగా నొక్కినప్పుడు మాత్రం ఒకదానికి ‘టిక్’ మని పట్టుకున్న శబ్దం రాలేదు. దాని లోపలి లోహపు పట్టు వదులుగా ఉంది.

పారేయకుండా ఉంచిన పాత వైర్లను తిరిగి తగిలించగానే ఇంజిన్ మునుపటిలా నడిచింది. ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. కొత్తవి బాగున్నాయని తేలేదాకా పాతవాటిని పారేయకండి.

తరువాత మల్టీమీటరును నిరోధం కొలిచే కిలో ఓమ్‌ల (వేల ఓమ్‌ల) స్థానంలో ఉంచి ఒక్కో వైరును ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచాను. లోపల కార్బన్ పూసిన నార ఉండే వైర్లకు కొన్ని వేల ఓమ్‌ల నిరోధం ఉండటం సహజం, పొడవు పెరిగితే అదీ పెరుగుతుంది. మీ బండికి ఎంత ఉండాలో సర్వీసు పుస్తకంలో చూసుకోవాలి. నా సెట్టులో రెండు వైర్లు 5 నుంచి 7 కిలో ఓమ్‌ల మధ్య చూపాయి. మూడవది దాదాపు అంతే పొడవుండి 40 దాటింది. నాలుగవదే అసలు మాయలాడి: బల్ల మీద తిన్నగా ఉంచితే చక్కగా 6 చూపించి, తొడుగు దగ్గర వేలితో కాస్త వంచగానే మీటరులో అంకె మాయమయింది. కాబట్టి కొలిచేటప్పుడు వైరును వంచుతూ, రెండు చివరలనూ మెల్లగా కదుపుతూ చూడాలి. ఇంకో మాట, దాదాపు సున్నా చూపే వైరు గొప్పదని అనుకోకండి. ఉత్త రాగి తీగ పెట్టి ‘ఎక్కువ పవర్’ అని అమ్మేవి రేడియోలో గరగర తెప్పించడమే కాక ఇంజిన్ కంప్యూటర్‌నూ తికమకపెట్టగలవు.

అమ్మకందారుకు ఫోటోలతో సహా ఫిర్యాదు పంపితే, బిగించిన ఎలక్ట్రికల్ సామాను వెనక్కు తీసుకోబోమనీ, వైరు పట్టుకుని లాగడం వల్ల లోపలి నార తెగి ఉంటుందనీ జవాబు వచ్చింది. తొడుగును పట్టుకుని తిప్పి తీయకుండా వైరును పట్టి లాగితే నార తెగే మాట నిజమే, అందుకే వారి సాకు వినడానికి సబబుగానే ఉంటుంది. ఇక పోయేదేమీ లేదని నాలుగవ వైరు చివరను బ్లేడుతో చీల్చి చూశాను. సవ్యంగా చేసిన వైరులో నారను కొంత బయటకు తీసి, పై పొర మీదికి మడిచి, దాని మీద లోహపు పట్టును నొక్కుతారు. ఇందులో అసలు మడతే లేదు. పొరతో సమానంగా కోసిన నార కొస లోహానికి తగిలీ తగలనట్టు ఉంది, మధ్యలోని సందులో రవ్వలు దూకి దూకి నల్లటి మసి పట్టి ఉంది. నారను మడవకుండా కోసింది తయారుచేసినవాళ్లే, దానికి నా లాగుడుతో సంబంధం లేదు.

ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో వైరూ పీకి ఏ సిలిండర్ పనిచేయడం లేదో చూడమని సలహా ఇచ్చేవారు ఉంటారు, అలా చేయకండి. షాక్ తగలడం అటుంచి, దారి దొరకని వోల్టేజీ కాయిల్‌ను పాడుచేయవచ్చు. ఇంజెక్టరు కనెక్టరు తీసి చూడటం మేలు. అలాగే చెక్ ఇంజిన్ దీపం ఆగి ఆగి వెలుగుతుంటే బండిని నడపడం మానాలి, ఎందుకంటే కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లో (సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే భాగంలో) చేరి మండి దాన్ని మాడ్చేస్తుంది. మీటరుకు చిక్కని లోపం ఇంకొకటి ఉంది: పై పొర గుండా కరెంటు లీకవడం. చీకట్లో ఇంజిన్ నడుస్తుండగా, చేతులు దూరంగా ఉంచి, వైర్ల మీద సన్నగా నీటి తుంపర కొడితే లీకున్న చోట నీలి రవ్వలు కనబడతాయి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఈ పరీక్ష జోలికి పోరాదు.

పార్సిల్ వచ్చిన వెంటనే, సీలు విప్పడం మొదలుకొని మీటరు రీడింగు దాకా ఆపకుండా ఒకే వీడియో తీసి, ఆ తరువాతే వైర్లను బండి దగ్గరికి తీసుకెళ్లండి. ‘బిగించిన తరువాత’ అనే సాకుకు అప్పుడు తావుండదు. నేను కొన్న సెట్టే ఇప్పుడు వేరే ఫోటోతో మళ్లీ అమ్మకానికి వచ్చింది కాబట్టి గుర్తులు చెబుతున్నాను: వైరు పొడవునా కంపెనీ పేరు గానీ తయారీ వివరం గానీ ముద్రించి లేదు, సిలిండర్ సంఖ్యలు అచ్చులో కాక స్టిక్కరు మీద ఉన్నాయి, ఆ స్టిక్కరు గోటితో గీకితే ఊడివస్తుంది, తొడుగు లోపలి లోహపు పట్టు వేలితో నెడితే గుండ్రంగా తిరుగుతుంది.