బెండ్ పైపుకు చుట్టిన పట్టీ: ప్యాకెట్ మీది 980 డిగ్రీలు ఎవరివి?

బైకు ఇంజిన్ నుంచి పొగను సైలెన్సర్‌కు తీసుకెళ్లే వంపు పైపే బెండ్ పైపు. దాని వేడి బయటికి తగలకుండా చుట్టే పట్టీ ప్యాకెట్ మీద 980 డిగ్రీల సెల్సియస్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ అంకె మీద నా కోపం ఇంకా చల్లారలేదు. అలాగని అది అబద్ధమూ కాదు. బసాల్ట్ రాతిని కరిగించి తీసిన పోగులతో నేసిన పట్టీ అది. చెక్కు చెదరలేదు. పోయింది లోపలి పైపు.

ఎలా చుట్టాలో అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నాను. మొదటి వేడికి పొగ వస్తుంది, దానికి కంగారు పడక్కరలేదు.

నాకు బాగా నచ్చినది ఒక్కటే: రెయిన్ ప్యాంటు బతికింది. నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల మధ్య కరుగుతుంది. హైవే మీద గట్టిగా నడిపితే ఇంజిన్ హెడ్ దగ్గర పట్టీ లేని ఉత్త పైపు 300 డిగ్రీలు సులువుగా దాటుతుంది. అంచు తగిలిందంటే చాలు, నల్లగా మాడి అంటుకుపోయేది. పట్టీ వేశాక ఆ బెడద తప్పింది. కాలికి కూడా చల్లగా ఉందని అప్పట్లో మిత్రులందరికీ చెప్పాను. పరుగులో ఉన్నప్పుడు ఆ మాట నిజమే. గాజువాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మోకాలికి కొట్టే సెగ మాత్రం ఇంజిన్ సిలిండర్ చుట్టూ వేడిని గాలికి వదిలే రెక్కలది. దాన్ని ఏ పట్టీ ఆపుతుంది?

కొన్ని వానాకాలాలు గడిచాక బండి శబ్దం మారింది. యాక్సిలరేటర్ వదిలితే చాలు, టపటపమని పేలుళ్లు. పైపు ఇంజిన్‌కు కలిసే చోట సందు మూసే గ్యాస్కెట్ పోయి ఉంటుందని మెకానిక్ కొత్తది వేశాడు. పేలుళ్లు ఆగలేదు. కార్బురెటర్ విప్పి శుభ్రం చేశాడు, అయినా అంతే. చివరికి స్టీలు బిగింపులు కత్తిరించి పట్టీ ఊడదీస్తే తుప్పు పెచ్చులు పెచ్చులుగా నేల మీద రాలింది. వంపు కింది భాగంలో స్క్రూడ్రైవర్ ఆనిస్తే లోపలికి దిగిపోయింది. క్రోమ్ పూత జాడే లేదు. వెల్డింగ్ చేయడానికి పట్టుకునేంత లోహం కూడా మిగలలేదని మెకానిక్ తేల్చేశాడు. కొత్త పైపు కొనాల్సి వచ్చింది.

ఎందుకిలా అయిందంటే, గాలికి పోవలసిన వేడిని పట్టీ పైపులోనే నిలుపుతుంది. దానితో లోహం మరింత కాగుతుంది. మామూలు ఉక్కు దాదాపు 550 డిగ్రీలు దాటాక వేగంగా ఆక్సీకరణ చెంది పొలుసులు లేస్తుంది. వాన నీటిని పట్టీ పీల్చుకుంటుంది. బండి నిలిపి ఉంచినన్నాళ్లూ ఆ తడి పైపును అంటిపెట్టుకునే ఉంటుంది. విశాఖ గాలిలోని ఉప్పు సంగతి చెప్పనక్కరలేదు. 980 అనేది పట్టీ ఓర్పు మాత్రమే. లోపల ఏ లోహం ఉండాలో ప్యాకెట్ మీద ఒక్క ముక్క లేదు.

అయితే నాది పాత 350 సీసీ బండి, పైపు మామూలు ఉక్కుది, ఇల్లు సముద్రానికి దగ్గర, బండి నిలిపేది ఆరుబయట. 304 రకం స్టెయిన్‌లెస్ పైపు వేడిగాలిలో 800 డిగ్రీలకూ నిలబడుతుంది. అలాంటి పైపుతో, అనంతపురం లాంటి పొడి ఊళ్లో, షెడ్డులో ఉండే బండికి ఈ పట్టీ బాగానే పనిచేయవచ్చు. చుట్టినా ఏటా వానలు తగ్గగానే ఒకసారి విప్పి చూడటం మేలు.

నేను మాత్రం కొత్త పైపుకు కాస్త ఎడంగా చిల్లుల స్టీలు రేకు బిగించాను. మధ్యలో గాలి ఆడుతుంది, తడి నిలవదు, ప్యాంటు అంటుకోవడం లేదు. కాకపోతే బోల్టులు వదులై గలగలమంటుంది, తరచూ బిగించుకోవాలి.