సదస్సు పేరుతో ఫీజు అడుగుతున్నారా? పేపర్ పంపే ముందు ఇది చదవండి

పీహెచ్‌డీ చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, డిగ్రీ కాలేజీల్లో పాఠాలు చెబుతూ పత్ర సమర్పణ సర్టిఫికెట్ల కోసం తిరుగుతున్న అన్నలు, అక్కలు దయచేసి ఇది చదవండి. ఎవరూ చెప్పకపోవడం వల్ల నేను మోసపోయాను. పోయినవి డబ్బులు మాత్రమే అయితే ఇంత రాసేవాణ్ని కాదు.

పోయిన డిసెంబరులో మా స్కాలర్ల వాట్సాప్ గ్రూపులోకి ఒక బ్రోచర్ వచ్చింది. పైన ఒక పెద్ద యూనివర్సిటీ భవనం ఫొటో, దాని లోగో, 'అంతర్జాతీయ సదస్సు' అని పెద్ద అక్షరాలు. చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం మొదలుకొని కామర్స్, కంప్యూటర్ సైన్స్ దాకా ఏ సబ్జెక్టు వాళ్లయినా పేపర్ పంపొచ్చట. కీలకోపన్యాసం ఇచ్చేది ఎవరో చూసి నేను ఆగిపోయాను. మధ్యయుగ దక్కన్ చరిత్ర మీద ఆయన రాసినవి చదివే నేను ఈ పరిశోధనలోకి వచ్చాను.

నాది 2021 రిజిస్ట్రేషన్. మా బ్యాచ్‌కి 2016 నాటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనలే వర్తిస్తాయి. థీసిస్ ఇచ్చేలోపు ఒక పరిశోధన పత్రం అచ్చు కావాలి, రెండు సదస్సుల్లో పత్రాలు చదవాలి. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆ షరతు తీసేశారు కానీ మాకు తప్పలేదు. గడువు దగ్గర పడేకొద్దీ ఎంత టెన్షన్ ఉంటుందో ఆ దశలో ఉన్నవాళ్లకు తెలుసు. ఈ సదస్సుల వాళ్లు బతికేది ఆ టెన్షన్ మీదే.

అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) రాత్రి పదింటికి పంపితే పొద్దున లేచేసరికి అంగీకార పత్రం వచ్చేసింది. రిజిస్ట్రేషన్‌కి 2,500 కట్టాను. తర్వాత ప్రచురణకి 1,800 అన్నారు, పేజీలు సర్దడానికి ఇంకో 600 అన్నారు. మొత్తం 4,900. రైలు, లాడ్జి ఖర్చు వేరే. గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్‌కి ఇది చిన్న మొత్తం కాదు.

తీరా వెళ్తే ఆ యూనివర్సిటీ చరిత్ర శాఖలో ఈ సదస్సు సంగతి ఎవరికీ తెలియదు. అక్కడి హాలు ఒకటి ఆ రోజుకి అద్దెకు తీసుకున్నారు, అంతే. కీలకోపన్యాసం 'అనివార్య కారణాల వల్ల' రద్దయిందని చెప్పారు. నా పేపర్ పడిన సెషన్‌లో నా ముందు బ్యాంకు రుణాల మీద ఒకరు, నా తర్వాత నీటి శుద్ధి రసాయనాల మీద ఒకరు మాట్లాడారు. మనిషికి నాలుగు నిమిషాలు. అధ్యక్షత వహించాల్సిన ఆయన రాలేదు. ఒక్క ప్రశ్న కూడా ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం మూడింటికల్లా సర్టిఫికెట్ల కోసం క్యూ కట్టాం.

ఇంటికి వచ్చాక, కీలకోపన్యాసం ఇస్తారన్న ఆ ప్రొఫెసర్ గారికి మెయిల్ రాశాను. అలాంటి సదస్సు గురించి తనకు తెలియదని, తన పేరు వాడుకోవడానికి అనుమతి అడగలేదని రెండు వాక్యాల్లో జవాబిచ్చారు. ఆ మెయిల్ నెల ముందు రాసి ఉంటే ఇదంతా జరిగేది కాదు. మీరు మాత్రం ముందే రాయండి. బ్రోచర్లో ఎవరి పేరుంటే వాళ్లకే రాయండి. పెద్దవాళ్లను ఇబ్బంది పెడుతున్నామని మొహమాటపడకండి.

ఇది కొత్త సంగతేమీ కాదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన ఒక ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పేరున్న పరిశోధకులు వస్తున్నారని చెప్పి సదస్సులకు ఫీజులు వసూలు చేయడం అందులో ఒక ఆరోపణ. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది. అదే ఏడాది మన యూజీసీ కూడా ఇలాంటి సదస్సుల్లో చదివిన పత్రాలను నియామకాలకు, ప్రమోషన్లకు, డిగ్రీలకు లెక్కలోకి తీసుకోవద్దని నోటీసు ఇచ్చింది. థీసిస్ ఇచ్చే ముందు అన్నీ చూసే మా ప్రీ సబ్మిషన్ కమిటీ నా సర్టిఫికెట్‌ని పక్కన పెట్టింది. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. నా పేపర్ కాకతీయుల నాటి చెరువుల మీద. గణపతిదేవుడి సోదరి మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం, చెరువు తవ్వించినవాళ్లకు, దాన్ని బాగుచేసేవాళ్లకు ఇచ్చే దశబంధ మాన్యం, వీటి చుట్టూ రెండేళ్లు తిరిగి రాశాను. బయ్యారం మూడుసార్లు వెళ్లాను. ఫీజుతో పాటు వాళ్లు ఒక కాపీరైట్ ఫారం పంపితే సరిగ్గా చదవకుండా సంతకం పెట్టాను. సదస్సు సంపుటిలో అది అచ్చయింది. శాసన పాఠంలో సున్నాలు, ఒత్తులు ఎగిరిపోయాయి, ఫుట్‌నోట్లు అసలే లేవు. దాన్ని బాగా పెంచి, సరిచేసి ఒక మంచి పత్రికకు పంపితే, ఇదివరకే అచ్చయిన పత్రం తీసుకోలేమని తిప్పి పంపారు. థీసిస్‌లో నాలుగో అధ్యాయం దాని మీదే నిలబడింది.

సంపుటికి ఐఎస్‌బీఎన్ ఉంది కదా అని ఊరుకోకండి. మన దేశంలో ఆ నంబర్‌ని రాజా రామ్‌మోహన్ రాయ్ పేరుతో ఉన్న జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. అది పుస్తకాన్ని గుర్తుపట్టడానికే. లోపల ఉన్నదాన్ని ఎవరైనా పరిశీలించారని అర్థం కాదు. 'యూజీసీ కేర్ జాబితాలో ఉన్న పత్రికలో వేస్తాం' అని నా బ్రోచర్లో ఉంది. నమ్మదగిన పత్రికలంటూ ఇచ్చే ఆ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలోనే ఆపేసింది. ఇప్పుడు కూడా ఆ మాట చెప్పి డబ్బు అడిగితే అక్కడే వదిలేయండి. స్కోపస్ (పరిశోధన పత్రికల డేటాబేస్) అన్నారంటే ఆ పత్రిక పేరు స్కోపస్ వాళ్ల సైట్లోనే వెతకండి, ఉచితంగానే కనిపిస్తుంది.

ఫీజు అడిగిన ప్రతి సదస్సూ మోసమని నేను అనడం లేదు. 1935లో పుణేలో మొదలైన ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్‌కీ సభ్యత్వ రుసుము, ప్రతినిధి రుసుము ఉంటాయి. దాని ఐదో సమావేశం 1941లో మన హైదరాబాద్‌లోనే జరిగింది. అక్కడ మన సబ్జెక్టు తెలిసినవాళ్లు ఎదురుగా కూర్చుని వింటారు, తప్పు ఉంటే మొహం మీదే చెప్తారు. యూనివర్సిటీ శాఖలు పెట్టే స్మారకోపన్యాసాలకైతే చాలావరకు రూపాయి కట్టక్కర్లేదు, ఎవరైనా వెళ్లి వెనక బెంచీలో కూర్చోవచ్చు. బ్రోచర్లో యూనివర్సిటీ పేరు కనిపిస్తే ఆ శాఖాధ్యక్షులకు ఫోన్ చేయండి. నంబర్ బ్రోచర్లోది కాదు, యూనివర్సిటీ వెబ్‌సైట్లోది తీసుకోండి.

డబ్బు వెనక్కి ఇవ్వమని నాలుగు మెయిళ్లు పెట్టాను. రుసుము తిరిగి ఇవ్వబడదు అని ఒకే వాక్యం వచ్చింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, రసీదులన్నీ దాచాను. మీలో ఎవరైనా ఇలాంటి కాపీరైట్ ఫారం మీద సంతకం పెట్టి, తర్వాత పేపర్‌ని సంపుటి నుంచి వెనక్కి తీసుకోగలిగారా? ఎలా రాశారు, ఎవరికి రాశారు, ఎన్నాళ్లు పట్టింది? దయచేసి చెప్పండి. జూన్‌లోపు నాకు ఆ అధ్యాయం తేలాలి.