సీఆర్‌ప్రోపా 3 సమీక్ష: కాస్మిక్ కిరణాల వంపును నమ్మదగ్గట్టు లెక్కగట్టాలంటే

అత్యధిక శక్తి గల కాస్మిక్ కిరణాలు (అంతరిక్షం నుంచి వచ్చే, ఆవేశం గల కణాలు) మన దాకా వచ్చేలోపు అంతరిక్షంలోని అయస్కాంత క్షేత్రాల్లో ఎంత వంగాయో లెక్కగట్టడానికి ఎక్కువ మంది పట్టుకునే సాఫ్ట్‌వేర్ సీఆర్‌ప్రోపా. ఉచితంగా దొరుకుతుంది, సోర్స్ కోడ్ అంతా తెరిచే ఉంటుంది. లోపల సీ ప్లస్ ప్లస్, పైన పైథాన్. మూడో కూర్పు మీద పత్రం 2016లో, దాన్ని బాగా పెంచిన 3.2 మీద పత్రం 2022లో వచ్చాయి. చాలాకాలం వాడిన మీదట నా అభిప్రాయం ఇది: కణాన్ని క్షేత్రంలో నడిపించే పని ఇది దాదాపు తప్పు లేకుండా చేస్తుంది. మనం దానికి అందించే క్షేత్రం నమూనా మాత్రం అంత నమ్మదగింది కాదు. ఫలితంలో ఏ పాలు సాఫ్ట్‌వేర్‌ది, ఏ పాలు నమూనాది అన్నది విడదీసి చూడటమే దీన్ని వాడటంలో అసలు పనితనం.

ముందు చేతిలెక్క వచ్చి ఉండాలి. వంపును తేల్చేది శక్తి ఒక్కటే కాదు, శక్తిని ఆవేశ సంఖ్యతో భాగిస్తే వచ్చే రిజిడిటీ. కణం తిరిగే వృత్తం వ్యాసార్థం కిలోపార్సెక్‌లలో (ఒక కిలోపార్సెక్ సుమారు 3,260 కాంతి సంవత్సరాలు) కావాలంటే, శక్తిని ఈఈవీలలో తీసుకుని 1.08తో గుణించి, ఆవేశ సంఖ్యతోనూ మైక్రోగాస్‌లలో ఉన్న క్షేత్రంతోనూ భాగించాలి. ఒక ఈఈవీ అంటే పది పక్కన 17 సున్నాలు పెట్టినన్ని ఎలక్ట్రాన్ వోల్టులు. 60 ఈఈవీ ప్రోటాన్‌కి 3 మైక్రోగాస్ క్షేత్రంలో ఈ వ్యాసార్థం 21.6 కిలోపార్సెక్‌లు, అంటే సూర్యుడికీ పాలపుంత కేంద్రానికీ ఉన్న దూరానికి రెండున్నర రెట్లు. అదే శక్తి ఉన్న ఇనుము కేంద్రకానికి ఆవేశం 26 కాబట్టి 0.83 కిలోపార్సెక్ మాత్రమే. మొదటిది కొన్ని డిగ్రీలు పక్కకు జరిగి వస్తుంది. రెండోది ఎటు నుంచి బయల్దేరిందో వచ్చిన దిశ చూసి చెప్పడం కష్టం. ప్రోగ్రామ్ ఇచ్చిన జవాబు ఈ చేతిలెక్కకి దరిదాపుల్లో లేకపోతే ముందు మీ స్క్రిప్టునే అనుమానించండి.

ఇన్‌స్టలేషన్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. సీమేక్, స్విగ్, సీ ప్లస్ ప్లస్, ఫోర్ట్రాన్ కంపైలర్లు ఉంటే చాలు. అల్లకల్లోల క్షేత్రాలు తయారు చేసుకోవాలంటే ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ 3 కూడా కావాలి. ఎక్కువ మందికి అడ్డం తగిలేది ఒకటే: సీమేక్ సిస్టమ్‌లోని పైథాన్‌ని పట్టుకుంటుంది, మీరు వాడేది వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లోది. బిల్డ్ సాఫీగా అయిపోతుంది, ఇంపోర్ట్ దగ్గర ఆగిపోతుంది. ముందే ఎన్విరాన్‌మెంట్ యాక్టివేట్ చేసి, సీమేక్ చూపించిన పైథాన్ దారి అదేనా కాదా అని చూసుకున్నాకే మేక్ కొట్టండి.

దీన్ని ఎక్కువగా వాడేది వెనక్కి నడిపించడానికి. భూమి మీద ఒక దిశ నుంచి వచ్చిన కణం పాలపుంతలోకి ఎటు నుంచి అడుగుపెట్టిందో తెలుసుకోవాలంటే, అదే దిశలోకి దాని ప్రతికణాన్ని పంపాలి. ఆవేశం తిరగబడుతుంది కాబట్టి దారి అదే అవుతుంది. పరిశీలకుడి స్థానం మైనస్ 8.5, 0, 0 కిలోపార్సెక్‌లు. కణం సంఖ్యలో మైనస్ గుర్తు పెడితే ప్రతికణం. ఇనుముకి 1000260560 ముందు మైనస్. ప్రొపగేషన్‌సీకే మాడ్యూల్‌కి క్షేత్రం, అనుమతించే దోషం పదివేలలో ఒకటి, కనిష్ఠ అడుగు 0.1 పార్సెక్, గరిష్ఠ అడుగు 100 పార్సెక్‌లు ఇచ్చి, గెలాక్సీ కేంద్రం చుట్టూ 20 కిలోపార్సెక్‌ల గోళం దాటగానే నమోదు చేయమని చెప్పాలి. ఇందులో శక్తి నష్టాల మాడ్యూళ్లేవీ కలపకూడదు. వెనక్కి నడిచేటప్పుడు శక్తి తగ్గడం కాదు, పెరగాలి. పైగా 20 కిలోపార్సెక్‌ల దూరంలో ఆ నష్టాలు లెక్కలోకి వచ్చేంత ఉండవు.

ఇక్కడ తప్పులు ఎక్కడెక్కడ దొర్లుతాయో చెప్పాలి, ఎందుకంటే వీటిలో ఏ ఒక్కటీ ఎర్రర్ చూపించదు.

అన్నిటికన్నా పెద్దది బయటికి వెళ్లిన చోటుని దిశ అనుకోవడం. గోళం దాటినప్పుడు ఫైల్లో స్థానమూ ఉంటుంది, చలన దిశా ఉంటుంది. స్థానాన్ని ఆకాశ పటం మీద పెట్టేస్తే, భూమి గెలాక్సీ కేంద్రం నుంచి 8.5 కిలోపార్సెక్‌లు పక్కన ఉండటం వల్ల అసలు వంపే లేని కణం కూడా పాతిక డిగ్రీల దాకా వంగినట్టు కనిపిస్తుంది. కావాల్సింది చలన దిశ. పరీక్ష తేలిక: క్షేత్రాన్ని సున్నా చేసి ఒకసారి నడపండి. వచ్చిన దిశా పంపిన దిశా ఒకటే కావాలి.

రెండోది గుర్తు. ముందుకు నడిపిన సిమ్యులేషన్‌లో క్యాండిడేట్ (నడిపిస్తున్న కణానికి ప్రోగ్రామ్ పెట్టిన పేరు) దిశ అంటే కణం వెళుతున్న దిశ. ఆకాశంలో అది కనిపించే చోటు దానికి సరిగ్గా ఎదురు. వెనక్కి నడిపినప్పుడు ఈ మైనస్ అక్కర్లేదు. ఒకే స్క్రిప్టులో రెండు పనులూ చేసేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. మూడోది అక్షాంశం. వెక్టర్‌కి ఇవ్వాల్సింది గెలాక్టిక్ అక్షాంశం కాదు, 90 డిగ్రీల్లోంచి దాన్ని తీసేస్తే వచ్చే కోణం, అదీ రేడియన్లలో. ఇక టెక్స్ట్ అవుట్‌పుట్ దూరాలను మామూలుగా మెగాపార్సెక్‌లలోనే రాస్తుంది. గోళం దగ్గర 0.02 కనబడితే కంగారు పడకండి, అది 20 కిలోపార్సెక్‌లే. లెంగ్త్ స్కేల్ మార్చుకుంటే చదవడం సులువు.

అడుగు పొడవు విషయంలో మాన్యువల్ ఉదాహరణల్లోని అంకెలను కళ్లు మూసుకుని తీసుకోవద్దని నా సలహా. పాలపుంత క్షేత్రానికి ఎక్కువ మంది వాడిన జేఎఫ్12 నమూనాలోని అల్లకల్లోల భాగాన్ని ఇది 256 × 256 × 256 గళ్ల జాలంలో, గడికి 4 పార్సెక్‌ల చొప్పున తయారు చేస్తుంది. పొందిక పొడవు (క్షేత్రం దాదాపు ఒకే దిశలో ఉండే దూరం) 60 పార్సెక్‌ల దరిదాపు. రిజిడిటీ ఎక్కువగా ఉన్న కణానికి అడుగు సాగి 100 పార్సెక్‌ల హద్దు దాకా పోతుంది, అంటే ఒక్కో అంగలో ఒక సుడి మొత్తం దాటేస్తుంది. పొందికగా ఉండే పెద్ద క్షేత్రం ఒక్కటే వాడితే 100 పార్సెక్‌లు చాలు. అల్లకల్లోల భాగం కలిపితే గరిష్ఠ అడుగు 10–20 పార్సెక్‌లకు దించి, దాన్ని సగం చేసి మళ్లీ నడిపి, దిశల విస్తృతి మారలేదని చూసుకున్నాకే ముందుకు పోవాలి. ఆ జాలం ప్రతి 1024 పార్సెక్‌లకూ తిరిగి మొదలవుతుందన్నది కూడా గుర్తుండాలి. ఒకే సీడ్‌తో (యాదృచ్ఛిక అంకెలు మొదలయ్యే సంఖ్య) తీసిన పటం ఎంత బాగున్నా ఒక నమూనా మాత్రమే. కనీసం కొన్ని పదుల సీడ్‌లు మార్చి చూడాలి.

గెలాక్సీల మధ్య క్షేత్రానికి వస్తే, అక్కడ జాలం మీరే కట్టుకోవాలి. మూడు షరతులు: అతి చిన్న సుడి పొడవు గడి పొడవుకి కనీసం రెట్టింపు ఉండాలి, అతి పెద్ద సుడి పెట్టె పొడవులో సగం దాటకూడదు, పెట్టె మీ కంప్యూటర్ మెమరీలో పట్టాలి. 256 ఘనానికి దాదాపు 200 మెగాబైట్లు, 512 ఘనానికి 1.6 గిగాబైట్లు, 1024 ఘనానికి 13 గిగాబైట్లకు దగ్గర. గడి 30 కిలోపార్సెక్‌లు, సుడులు 60 నుంచి 800 కిలోపార్సెక్‌ల దాకా, 256 గళ్లు అనుకుంటే పెట్టె 7.68 మెగాపార్సెక్‌లు వస్తుంది, కోల్మోగరోవ్ వర్ణపటానికి (పెద్ద సుడుల నుంచి చిన్న సుడులకు శక్తి పంచుకునే తీరు) పొందిక పొడవు సుమారు 190 కిలోపార్సెక్‌లు. మొదలుపెట్టడానికి ఇది మంచి అమరిక.

సరిచూసుకోవడానికి సూత్రం ఉంది. 100 ఈఈవీ ప్రోటాన్, 10 మెగాపార్సెక్‌ల దూరం, ఒక నానోగాస్ క్షేత్రం, ఒక మెగాపార్సెక్ పొందిక పొడవు: సగటు వంపు 0.8 డిగ్రీ. ఆవేశంతోనూ క్షేత్రంతోనూ నేరుగా పెరుగుతుంది, శక్తితో తగ్గుతుంది, దూరానికీ పొందిక పొడవుకీ వర్గమూలం చొప్పున పెరుగుతుంది. పై జాలంలో 60 ఈఈవీ ప్రోటాన్ 10 మెగాపార్సెక్‌లు నడిస్తే 0.6 డిగ్రీకి కాస్త తక్కువ రావాలి. సిమ్యులేషన్‌లో ఒక డిగ్రీ వచ్చిందని చాలామంది కలవరపడతారు. సూత్రం చెప్పేది మూలం ఉన్న దిశకీ కణం వచ్చిన దిశకీ మధ్య కోణం. బయల్దేరిన దిశకీ చేరిన దిశకీ మధ్య కోణం దానికి 1.73 రెట్లు ఉంటుంది. మూడు వర్గమూలమన్నమాట. ఫైల్లోంచి ఈ రెండోదాన్ని తీసి మొదటిదానితో పోల్చితే ఎప్పటికీ కుదరదు.

మూడు కొలతల్లో నడిపేటప్పుడు పరిశీలకుడి గోళం పెద్ద తలనొప్పి. చిన్నదిగా పెడితే కణాలు తగలవు. పెద్దదిగా పెడితే గోళమే వంపును తయారు చేస్తుంది. సెంటారస్ ఎ మనకు దాదాపు 3.8 మెగాపార్సెక్‌ల దూరం. పరిశీలకుడికి 100 కిలోపార్సెక్‌ల వ్యాసార్థం ఇస్తే అక్కడి నుంచి గోళం అంచు ఒకటిన్నర డిగ్రీ పక్కన ఉంటుంది. క్షేత్రం వల్ల వచ్చే వంపు అంతకన్నా తక్కువైతే మీరు కొలుస్తున్నది గోళాన్నే. 3.2 నుంచి మూలం దగ్గరే కణాలను పరిశీలకుడి వైపు గురిపెట్టి పంపే వీలు వచ్చింది, చాలా మంచి చేర్పు. అయితే అప్పుడు ప్రతి కణానికీ ఒక బరువు అంటుకుని ఉంటుంది. హిస్టోగ్రామ్‌లో ఆ బరువు వాడకపోతే ఫలితం చెల్లదు.

ఇక క్షేత్రం నమూనాల సంగతి. ఏళ్ల తరబడి అందరూ వాడింది జాన్సన్, ఫరార్‌ల 2012 నమూనా, పొట్టిగా జేఎఫ్12. 40 వేలకు పైగా గెలాక్సీల వెలుపలి మూలాల ఫారడే భ్రమణ (అయస్కాంత క్షేత్రం గుండా వచ్చిన రేడియో తరంగాల ధ్రువణ తలం తిరగడం) కొలతలనూ, డబ్ల్యూమాప్ ఉపగ్రహం తీసిన సింక్రోట్రాన్ (అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లు వెలువరించే వికిరణం) పటాలనూ పెట్టుకుని తీర్చిన నమూనా అది. పళ్లెం లాంటి భాగం, చుట్టూ ప్రభామండలం, పైకీ కిందికీ ఎక్స్ ఆకారంలో తెరుచుకునే భాగం ఉంటాయి. 60 ఈఈవీ ప్రోటాన్‌కి ఆకాశమంతటి సగటు వంపు ఇందులో 5 డిగ్రీల చిల్లర. కేంద్రం చుట్టూ ఒక కిలోపార్సెక్‌లో క్షేత్రం సున్నా. కాబట్టి కేంద్రం మీదుగా వచ్చిన దారులను నేను లెక్కలోకి తీసుకోను. కొన్ని చోట్ల ఇందులో క్షేత్రరేఖలు తెగిపోతాయి. ఆ లోపం సరిదిద్దిన సొలినాయిడల్ రూపం కూడా సీఆర్‌ప్రోపాలోనే ఉంది, దాన్నే వాడండి. యాదృచ్ఛిక భాగం బలం ఎక్కువైందని ప్లాంక్ ఉపగ్రహ సమాచారం చూపించాక సవరించిన రూపాన్ని కూడా చేర్చారు. పాత రూపంతో ఆకాశ పటం మీద ఒక్కో మూలం కణాల మచ్చలు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ చెదిరిపోతాయి.

ఉంగర్, ఫరార్‌లు 2024లో ప్రచురించిన యూఎఫ్23 ఒక నమూనా కాదు, ఎనిమిది నమూనాల కట్ట. కొత్త కూర్పుల్లో దొరుకుతుంది. ఎనిమిదీ కొలతలతో సరిపోతాయి, ఎనిమిదీ కొంచెం వేర్వేరు దారులు చూపిస్తాయి. ఇది వచ్చాక ఒక్క నమూనాతో గీసిన బాణాన్ని చూపించి ఫలానా గెలాక్సీ నుంచి వచ్చిందనడం సరికాదని నా గట్టి అభిప్రాయం. ఎనిమిదీ నడపడానికి ఎనిమిది రెట్లు సమయం పడుతుంది, పట్టనివ్వండి.

ఎంత తేడా వస్తుందో చూడాలంటే అమతెరాసు కణాన్ని తీసుకోండి. 2021 మే 27న అమెరికాలోని యూటాలో టెలిస్కోప్ అర్రే పట్టిన ఆ కణం శక్తి 244 ఈఈవీ. ప్రోటాన్ అనుకుంటే వచ్చిన దిశకి దగ్గర్లోనే మూలం ఉండాలి, అక్కడేమో గెలాక్సీలు పలచగా ఉన్న స్థానిక శూన్యం ఉంది. ఇనుము అనుకుంటే రిజిడిటీ 10 కన్నా తగ్గిపోతుంది, నమూనాలు తలో దిక్కూ చూపిస్తాయి. ఇనుము అనుకుని అన్ని అనిశ్చితులూ కలిపి ఉంగర్, ఫరార్‌లు లెక్కగట్టిన ప్రాంతం ఆకాశంలో సుమారు 6.6 శాతం. ప్రపంచంలో నమోదైన అతి బలమైన కణాల్లో ఒకదానికే ఇదీ పరిస్థితి.

తక్కువ రిజిడిటీ దగ్గర ఒక్కో కణాన్ని పట్టుకుని లాభం లేదు, గుంపుగా చూడాలి. అర్జెంటీనాలోని పియర్ ఓజే అబ్జర్వేటరీ 2017లో ప్రకటించిన ద్విధ్రువం (ఆకాశంలో ఒక పక్క నుంచి ఎక్కువ, ఎదురు పక్క నుంచి తక్కువ కణాలు రావడం) దీనికి చక్కటి అభ్యాసం. 8 ఈఈవీ పైన 6.5 శాతం పరిమాణం, గెలాక్సీ కేంద్రానికి దాదాపు 125 డిగ్రీల దూరంలో, గెలాక్టిక్ రేఖాంశం 233, అక్షాంశం మైనస్ 13 దగ్గర. దగ్గరి గెలాక్సీల పంపిణీ ఇచ్చే ద్విధ్రువం రేఖాంశం 251, అక్షాంశం 38 దగ్గర. రెండిటి మధ్య 50 డిగ్రీలకు పైనే. ఈ రెండో దిశను తీసుకుని రిజిడిటీ 5, 2 విలువలతో జేఎఫ్12 గుండా నడపండి. అది జరిగేది కొలిచిన దిశ వైపే. ఈ పటం మీ చేతుల మీదుగా తిరిగి వచ్చిందంటే మీ స్క్రిప్టులో గుర్తులూ కోణాలూ సరిగ్గా ఉన్నట్టే.

ఈ పనికి గెలాక్టిక్ లెన్స్ వాడితే నిమిషాల్లో అయిపోతుంది. ఆకాశాన్ని 49,152 గళ్లుగా చేసి ఒక్కో రిజిడిటీకి ఒక మాట్రిక్స్ ముందే కట్టి ఉంచుకోవడమే అది. గడి దాదాపు ఒక డిగ్రీ కాబట్టి అంతకన్నా సన్నటి వివరం ఆశించకూడదు. లెన్స్‌ని నార్మలైజ్ చేసేటప్పుడు ఒక్కో మాట్రిక్స్‌ని విడివిడిగా చేస్తే శక్తుల మధ్య నిష్పత్తి చెడుతుంది. మొత్తం లెన్స్‌కి కలిపి ఒకే అంకెతో భాగించాలి.

ఇక రోజువారీ చికాకులు. పరుగు అయ్యాక అవుట్‌పుట్‌ని క్లోజ్ చేయకుండా అదే స్క్రిప్టులో ఫైల్ చదివితే చివరి వరసలు ఉండవు, చిన్న పరుగైతే ఫైలే ఖాళీ. పైథాన్‌లో సొంతంగా రాసిన మాడ్యూల్ ఉంటే ఓపెన్ఎంపీ దారాలను (థ్రెడ్లను) ఒకటికి తగ్గించండి, లేకపోతే సెగ్మెంటేషన్ ఫాల్ట్ రావచ్చు. ఎక్కువసార్లు వాడేదైతే దాన్ని సీ ప్లస్ ప్లస్‌లోకి మార్చుకోవడం మేలు. ఫంక్షన్ లోపల పుట్టించిన పైథాన్ మాడ్యూల్‌ని బయట ఎక్కడా పట్టి ఉంచకపోతే చెత్త సేకరణలో పోయి, కారణం తెలియకుండా ప్రోగ్రామ్ కూలుతుంది. అనేక దారాలతో నడిపితే ఒకే సీడ్ ఇచ్చినా కణాల వరస మారుతుంది. పాత ఫలితంతో ఒక్కో కణం చొప్పున పోల్చాలంటే ఒకే దారంతో నడపడం తప్ప మార్గం లేదు.